సముద్రము దాటిన పాట

పశ్చిమాఫ్రికాలోని సియెర్రా లియోన్ దేశమున మెండే స్త్రీల పాటకు తాళము వేయునది ఒక ఎండు సొరబుర్ర. ముదిరిన కాయను ఎండబెట్టి, లోపలి గుజ్జును గింజలను తీసివేసి, పూసలు గ్రుచ్చిన నూలువలను దానిపై వదులుగా తొడుగుదురు. దీనిని షెగ్బురే అందురు. ఒక చేత బుర్ర మెడను పట్టి, రెండవ చేత వల కొసలను లాగి వదలుచుండగా, పూసలు బుర్రకు తగిలి గలగలలాడును. ఒకతె పాట నెత్తుకొనును, తక్కినవారు అందుకొందురు.

వాద్యమును చేతినుండి లాగికొనవచ్చును. అమెరికాకు బానిసలుగా కొనిపోబడిన ఆఫ్రికనులు డోళ్లు వాయింపరాదని దక్షిణ కరోలినాలో 1740 నాటి శాసనము నిషేధించినది. కాని పాటను లాగికొనుట ఎవరి తరము?

1930వ దశకమున పొరుగుననున్న జార్జియా తీరమందు, అమీలియా డాలీ అను నల్లజాతి స్త్రీ పాడిన పాటను భాషావేత్త లొరెంజో టర్నర్ ధ్వనిముద్రణ గావించెను. పెద్దల నోట నేర్చిన ఆ పాటకు ఆమె అర్థ మెరుగదు. ఆ మాటలు మెండే భాషవని పిమ్మట తేలినది. 1990లో పరిశోధకులు ఆ పాటను సియెర్రా లియోన్ పల్లెలలో వినిపించుచు పోగా, సెనెహున్ న్గోలా గ్రామమున బెందు జబాటి అను స్త్రీ గుర్తుపట్టి తానును పాడెను. అది పూర్వము అచ్చటి స్త్రీలు సమాధుల కడ పాడిన పాట. దానిని ఎరిగినవారు మన చుట్టములని అవ్వ ఆమెకు చెప్పియుండెను.

అంతర్యుద్ధము వలన రాక ఆలస్యమైనను, 1997లో అమీలియా కుమార్తె మేరీ మోరన్ ఆ గ్రామమునకు వచ్చి బెందును కలిసికొనెను. ఏ దస్త్రమునను లేని బంధుత్వము తల్లుల నోట నిలిచినది.