కఠిన జలం మెత్తబడే తీరు

సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. బకెట్టు అంచున తెల్లని తెట్టె మాత్రం పేరుకొంటుంది. కందిపప్పు ఒక పట్టాన ఉడకదు. నీళ్లు కాచే గిన్నె అడుగున సున్నపు పొర కడుతుంది. లోతైన బోరుబావులను నమ్ముకొన్న కోలారు వంటి జిల్లాలలో చాలా ఇళ్లకు ఇది నిత్యానుభవం. ఇటువంటి నీటిని కఠిన జలం అంటారు.

వాననీరు స్వతహాగా మృదు జలమే. అది నేలలోకి ఇంకుతూ బొగ్గుపులుసు వాయువును కలుపుకొని, రాళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకొంటుంది. బైకార్బొనేట్ల వల్ల కలిగిన కాఠిన్యం నీటిని మరిగిస్తే పోతుంది. క్లోరైడ్లు, సల్ఫేట్ల వల్ల కలిగినది మరిగించినా పోదు. అందుకే కొందరు ఇంట్లో సాఫ్ట్‌నర్ అమర్చుకొంటారు.

పేరు గొప్పదే కాని, అందులో పెద్ద హంగేమీ లేదు. ఒక పొడవాటి తొట్టి, దానిలో ఆవగింజకన్న చిన్నవైన రెసిన్ పూసలు, పక్కన ఉప్పునీటి డబ్బా. ఇటువంటి కృత్రిమ రెసిన్లను 1935లో ఇంగ్లండులో ఆడమ్స్, హోమ్స్ అనే రసాయన శాస్త్రజ్ఞులు రూపొందించారు. పూసలలో ఋణావేశం గల స్థానాలు ఉంటాయి. వాటిని అంటిపెట్టుకొని సోడియం అయాన్లు ఉంటాయి. సోడియం అయానుకు ఒకే ధనావేశం. కాల్షియం అయానుకు రెండు. అందువల్ల కాల్షియం పూసను మరింత గట్టిగా పట్టుకొంటుంది. ఒక కాల్షియం అయాను వచ్చి చేరితే రెండు సోడియం అయాన్లు నీటిలోకి తప్పుకొంటాయి. మెగ్నీషియం సంగతీ ఇంతే.

కొన్నాళ్లకు పూసలన్నీ కాల్షియంతో నిండిపోతాయి. అప్పుడు చిక్కని ఉప్పునీటిని వాటి గుండా పంపాలి. గట్టి పట్టు గల కాల్షియం మళ్లీ ఎలా వదులుతుంది? ఉప్పునీటిలో సోడియం అయాన్లు లెక్కకు మిక్కిలిగా ఉంటాయి. విడివిడిగా బలహీనమైనవే అయినా గుంపుగా వచ్చి కాల్షియాన్ని పెకలిస్తాయి. ఆ కడుగునీటిని పెరటి మొక్కలకు పోస్తే నేల చవుడు బారుతుంది.

మెత్తబడిన నీరు శుద్ధమైన నీరని పలువురు భ్రమపడతారు. పళ్లను, ఎముకలను పాడుచేసే ఫ్లోరైడు ఋణావేశం గలది. ఈ పూసలు దానిని పట్టలేవు. క్రిములనూ చంపలేవు. తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించరాదని, వేరే వనరు లేనప్పుడు 600 వరకు ఉండవచ్చునని భారతీయ ప్రమాణాల సంస్థ నిర్ణయించింది. ఆ 600ను పూర్తిగా తొలగిస్తే లీటరు నీటిలో సుమారు 276 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. రక్తపోటు ఉన్నవారికి ఇది చిన్న సంగతి కాదు. కనుక ఈ నీటిని స్నానానికి, బట్టలు ఉతకడానికి, నీళ్లు కాచే బాయిలరుకు వాడుకొని, తాగడానికీ వంటకూ పరీక్ష చేయించిన నీటిని వేరుగా పట్టుకోవాలి.