సమాచారాధికార శాసనములందు ఉత్సర్గాపవాదములు

వ్యాకరణపాఠము చెప్పువారికి శాసనభాష యంత క్రొత్తది కాదు. సామాన్యవిధి ఉత్సర్గము, దానిని సంకోచపఱచునది అపవాదము, ఆ యపవాదమును మరలఁ దొలఁగించి సామాన్యమును నిలుపునది ప్రతిప్రసవము. మన దేశమునఁ బ్రభుత్వపత్రములను, పూర్వగ్రంథములను పొందుటకు సంబంధించిన శాసనములను ఈ మూఁడు మాటలతో విప్పి చూచినచో, పరిశోధకునకు ఎచ్చట త్రోవ గలదో, ఎచ్చట లేదో స్పష్టపడును.

1923వ సంవత్సరపు అధికార రహస్య శాసనమున గోపనమే ఉత్సర్గము. ఆశ్చర్యమేమనఁగా, ఏది రహస్యమో ఆ శాసనము ఎచ్చటను నిర్వచింపలేదు. సంజ్ఞాసూత్రము లేకయే సంజ్ఞతో విధి చేసినట్లున్నది. 1975లో రాజనారాయణుని వ్యాజ్యెమున సుప్రీంకోర్టు, ప్రభుత్వము చేయు బహిరంగకార్యములను తెలిసికొను హక్కు ప్రజలకుఁ గలదని పలికినది. ఆ మాట శాసనరూపమును బొందుటకు ముప్పదియేండ్లు పట్టెను.

2005 అక్టోబరు 12వ తేదీని సంపూర్ణముగా అమలునకు వచ్చిన సమాచారహక్కు శాసనము క్రమమును తలక్రిందులు చేసినది. పౌరులందఱకును సమాచారము పొందు హక్కు గలదను మూఁడవ ప్రకరణము ఉత్సర్గము. ఎనిమిదవ ప్రకరణమునఁ జెప్పిన దేశరక్షణాదులు అపవాదములు. పాత శాసనము మాత్రము రద్దు కాలేదు. రెండును విరోధించినపుడు ఏది బలవత్తరము? తరువాతిదే బలీయమందుమా, పాణిని విప్రతిషేధన్యాయము తుల్యబలములకే చెల్లును; విశేషశాస్త్రముతోడి విరోధమునఁ బరత్వమొక్కటియే చాలదు. 22వ ప్రకరణము 1923 శాసనమును పేరెత్తి బాధించుటచే ఈ సంశయము తీఱినది. ఎనిమిదవ ప్రకరణపు రెండవ యుపప్రకరణము ప్రతిప్రసవము: అపవాదమున్నను, వెల్లడిచే లోకమునకుఁ గలుగు మేలు రక్షింపవలసిన దానికిఁ గలుగు కీడుకంటె నెక్కువైనచో అధికారి సమాచారమును ఈయవచ్చును. ఇరువదియేండ్లు దాటిన విషయములకు మూఁడవ యుపప్రకరణము అపవాదములలోఁ బెక్కింటిని తొలఁగించినది. చరిత్ర వ్రాయువారు దీనిని మఱవరాదు.

వైయక్తిక సమాచారమునకు సంబంధించిన యపవాదమును గూర్చి కొంత నిలిచి చెప్పవలసి యున్నది. 2005 నాఁటి పాఠమున నిది సవిశేషణము. బహిరంగకార్యముతో సంబంధము లేనిదియో, వ్యక్తి యేకాంతమునకు అకారణముగా భంగము కలిగించునదియో యైన దానినే నిరాకరింపవచ్చును. అదియును వెల్లడి చేయుటకుఁ దగినంత ప్రజాహితము కానరానపుడు మాత్రమే. శాసనసభకు నిరాకరింపరానిది ఏ వ్యక్తికిని నిరాకరింపరాదను వాక్యము కూడఁ దోడుగ నుండెను. 2017లో సుప్రీంకోర్టు తొమ్మండ్రు న్యాయమూర్తుల పీఠము ఏకాంతతను ప్రాథమికహక్కుగా నిర్ణయించినది. పిమ్మట 2023వ సంవత్సరపు డిజిటల్ వైయక్తిక సమాచార రక్షణ శాసనము తన 44వ ప్రకరణముచే ఆ విశేషణములన్నిటిని తీసివైచి, విశేష్యమును మాత్రము మిగిల్చినది. ఈ సవరణ 2025 నవంబరున అమలునకు వచ్చినది.

విశేషణము పోయినచో విశేష్యపు వ్యాప్తి పెరుగును. తర్కమును ప్రారంభించిన బాలునికిని తెలిసిన సంగతియే. పాఠ్యపుస్తకమును నిర్ణయించిన సంఘమున నెవరుండిరని యడిగినచో, పేరు వైయక్తికమే కదా యని అధికారి పలుకుటకు వాక్యమున నడ్డు లేదు. ప్రతిప్రసవము నిలిచియే యున్నదని సవరణపక్షమువారందురు. నిజమే. కాని మునుపు నిరాకరించువాఁడు, అడిగిన విషయము విశేషణములలోఁ బడునని చూపవలసి యుండెను. ఇపుడు అడుగువాఁడే లోకహితమును చూపవలసి వచ్చుచున్నది. ఏకాంతరక్షణకుఁ బూర్వపాఠమే చాలి యుండెనని నా తలంపు.

తొమ్మిదవ ప్రకరణము ఇంకొక త్రోవకుఁ గొనిపోవును. ప్రభుత్వేతరుల గ్రంథస్వామ్యమునకు భంగము కలుగునెడల సమాచారము నిరాకరింపవచ్చునని దాని యర్థము. మన పాతపుస్తకముల ముఖపత్రములపై ‘సర్వస్వామ్యసంకలితము’ అని యుండునది యీ స్వామ్యమే. 1957 శాసనము దీనికి గ్రంథకర్త మరణానంతరము ఏఁబదియేండ్ల యవధి నొసఁగెను. 1941లో దివంగతుఁడైన రవీంద్రనాథఠాకూరు కృతుల గడువు ముగియవచ్చుచుండఁగా, అది అఱువదియేండ్లకుఁ బెంచఁబడెను. 1992 సవరణ యిదియే. మరణించిన మఱుసటి యేఁటి జనవరినుండి గణన. 1976లో కీర్తిశేషులైన విశ్వనాథ సత్యనారాయణగారు జీవితకాలమునఁ బ్రకటించిన గ్రంథములకు 2036 అంతమువఱకు స్వామ్యము గలదు. అంతదనుక పాత కాగితము నిలుచునా యనునది వేఱు ప్రశ్న.

2012 సవరణ దీనికిఁ గొంత యుపాయము చూపినది. లాభాపేక్ష లేని ప్రజాగ్రంథాలయము తనయొద్ద నున్న పుస్తకమును రక్షణార్థము డిజిటల్ ప్రతిగా నిలువచేసికొనవచ్చును. ‘రక్షణార్థము’ అను పదమును గమనింపవలయును. లోకమునకుఁ బంచుట యందుఁ జెప్పఁబడలేదు. డిజిటల్ తాళమును పగులఁగొట్టువానికి రెండేండ్లవఱకుఁ గారాగారమును విధించినదియు ఈ సవరణయే. స్వామ్యభంగోద్దేశము ఉన్నపుడే యది దోషము.

స్వామి యెవరో, ఎచ్చట నున్నారో తెలియని గ్రంథములు తెలుగునఁ బెక్కు గలవు. అట్టివానిని ప్రకటించుటకు 31ఏ ప్రకరణము ననుసరించి అనుమతి కోరవచ్చును. కోరుటకు ముందు, దేశమున నధికభాగమునఁ బ్రచారము గల ఇంగ్లీషు దినపత్రికలో నొకమాఱు ప్రకటన వేయవలయును. అనువాదమును ప్రకటింపఁ గోరినచో మాత్రము, అనువాదభాషలోని దినపత్రికలోఁ గూడ వేయవలయును. అనఁగాఁ దెలుగుపుస్తకమును తెలుగుననే పునర్ముద్రించుటకుఁ దెలుగుపత్రికలోఁ బ్రకటన యక్కఱలేదు. గ్రంథకర్త మనుమఁడు గోదావరితీరపు గ్రామమున నుండి తెలుగుపత్రికయే చదువువాఁడైనచో, తాతగారి పుస్తకమును గూర్చిన ప్రకటన వాని కంటఁ బడదు. ప్రకటన స్వామిని వెదకుటకే యైనపుడు, అనువాదభాషతోఁబాటు మూలభాషను కూడ ఆ వాక్యమునఁ జేర్చవలసి యుండెను.