తుపాకి గొట్టం ఆయుష్షు

నాగటి కర్రు అరిగితే కమ్మరి దగ్గరకు తీసుకొనిపోతాము. కొడవలి అరిగితే కక్కు వేయిస్తాము. అరుగుదల అనగానే మనకు తోచేది రాపిడి. రైఫిలు గొట్టం కూడా అట్లాగే, గుండు రాసుకొని రాసుకొని అరిగిపోతుందని చాలామంది అనుకుంటారు. ఎన్.సి.సి.లో చేరిన మా విద్యార్థి ఒకడు ఈమధ్య నన్ను, "రైఫిలు గొట్టం ఎన్నేళ్లు పనిచేస్తుందండీ?" అని అడిగాడు. ఈ ప్రశ్నకు జవాబు సంవత్సరాలలో చెప్పడం కష్టం. సెకండ్లలో చెప్పవచ్చు.

లెక్క వేసి చూడండి. మన దేశంలో పోలీసులు చాలాకాలం వాడిన త్రీనాట్‌త్రీ రైఫిలును తీసుకుందాము. ఉత్తరప్రదేశ్ పోలీసులు దీనికి 2020 గణతంత్ర దినోత్సవం నాడు వీడ్కోలు చెప్పారు. దాని గొట్టం పొడవు సుమారు 64 సెంటీమీటర్లు. మూతి విడిచేటప్పుడు గుండు వేగం సెకండుకు సుమారు 744 మీటర్లు. నిశ్చలస్థితి నుండి సమత్వరణంతో ఈ వేగం అందుకున్నదనుకుంటే సగటు వేగం 372 మీటర్లు. అప్పుడు గొట్టంలో గడిపిన కాలం 0.0017 సెకండు అవుతుంది. నిజానికి త్వరణం మొదట్లోనే హెచ్చు గనుక కాలం ఇంకా కొంచెం తక్కువ. ఒకటిన్నర మిల్లీసెకండు అనుకోవచ్చు. ఇట్టి గొట్టం సుమారు పదివేల గుండ్ల వరకు పనికివస్తుందని స్థూలంగా చెబుతారు. ఈ రెంటినీ గుణిస్తే వచ్చేది పదిహేను సెకండ్లు! బీరువాలో యాభై ఏళ్లు ఉన్న రైఫిలైనా, గుండును మోసే పని అది చేసేది మొత్తం మీద ఇంతసేపే.

ఆ కొద్దిసేపటిలో గొట్టం పడే బాధ సామాన్యమైనది కాదు. మందు అంటుకోగానే పుట్టే వాయువుల ఉష్ణోగ్రత 2,500 డిగ్రీల సెంటిగ్రేడు దాటుతుంది. ఉక్కు 1,500 డిగ్రీల లోపునే కరుగుతుంది గదా! పీడనం వాతావరణ పీడనానికి మూడువేల రెట్లకు పైన ఉంటుంది. అయినా గొట్టం కరిగి కారిపోదు. వేడి లోపలికి పాకేటంత వ్యవధి లేదు. లోపలి గోడమీద వెంట్రుక మందం కంటె పలుచని పొర మాత్రం ఒక్కసారిగా కాగి, వెనుకనున్న చల్లని ఉక్కు ఆ వేడిని లాగుకోవడంతో వెంటనే చల్లారుతుంది. కమ్మరి ఎర్రగా కాల్చిన గునపం మొనను నీటిలో ముంచితే గట్టిపడి, పెళుసెక్కుతుంది. ప్రతి గుండుకూ ఇక్కడ జరిగేది అదే. దానికి తోడు వాయువులలోని కార్బన్, నైట్రోజన్ పొరలోనికి చేరి దానిని ఇంకా పెళుసుగా చేస్తాయి. కొంతకాలానికి ఎండిన చెరువు అడుగున నెర్రెలు విచ్చినట్లు గోడమీద సన్నని నెర్రెలు పుడతాయి. తర్వాతి గుండ్ల వాయువులు ఆ నెర్రెలలో దూరి అంచులను పెకలించుకొనిపోతాయి.

ఇది గొట్టం అంతటా సమానంగా జరగదు. తూటా కూర్చునే గదికి ముందు, మెలికల గాడులు మొదలయ్యే చోటును కంఠం అంటారు. వేడీ పీడనమూ పరాకాష్ఠ నందుకునేది అక్కడనే. గుండు గాడులలో బిగుసుకొనక ముందు వాయువులు దాని పక్కనుండి ఈలవేసినట్లు దూసుకుపోతాయి. గొట్టం చావు మొదలయ్యేది ఈ కంఠంలో. మూతి వైపు గాడులు కొత్తవిగా కనిపిస్తూనే ఉంటాయి.

వేడే అసలు శత్రువని బ్రిటిష్ సైన్యం ఖర్చు పెట్టి నేర్చుకున్నది. 1888లో వచ్చిన లీ-మెట్‌ఫర్డ్ రైఫిలు గాడులు లోతు తక్కువగా, అంచులు గుండ్రంగా ఉండేవి. నల్లమందు మసి పేరుకోకుండా అట్లా చేశారు. తర్వాత కార్డైటు అనే పొగలేని మందు వచ్చింది. దానిలో నైట్రోగ్లిసరిన్ 58 పాళ్లు, తుపాకి దూది 37 పాళ్లు, వాజిలీన్ 5 పాళ్లు. మసి పోయింది గాని మంట మరీ వేడెక్కింది, ఆ లోతులేని గాడులు త్వరగా చెరిగిపోయాయి. 1895లో చదరపు అంచులుగల లోతైన గాడులు పెట్టవలసివచ్చింది. లీ-ఎన్‌ఫీల్డ్ అనే పేరు అప్పుడు వచ్చినదే. ఆ తర్వాత మందునే మార్చి, నైట్రోగ్లిసరిన్‌ను 30 పాళ్లకు దించారు. వాజిలీన్ సంగతి తమాషాగా ఉంటుంది. గొట్టానికి కందెనగా ఉంటుందని దానిని కలిపారు. ఆ వేడిలో కందెన ఎక్కడ మిగులుతుంది? మందు నిలవలో చెడిపోకుండా మాత్రం అది బాగా ఉపకరించింది.

కనుక గుండ్ల సంఖ్య ఒక్కటే చెబితే చాలదు. ఎంత మందు, ఎంత సన్నని రంధ్రం గుండా, ఎంత త్వరత్వరగా పోయినదో కూడా చెప్పాలి. విద్యార్థులు గురి నేర్చుకునే 22 రైఫిలులో మందు చిటికెడు కూడా ఉండదు, గుండు మెత్తని సీసం. దాని గొట్టం లక్షల్లో కాకపోయినా పదుల వేల గుండ్లను సులభంగా తట్టుకుంటుంది. సన్నని గుండుకు పెద్ద తూటా తగిలించి అతివేగం కోరే వేట రైఫిళ్లలో కొన్ని వెయ్యి, పదిహేనువందల గుండ్లకే కంఠం పోగొట్టుకుంటాయి. మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్ క్రీడలలో కంచు పతకం పొందిన గాలి రైఫిలులో మందే లేదు, అందుచేత ఈ బాధే లేదు. ఇక పరాకాష్ఠ చూడాలంటే 1918లో జర్మనులు సుమారు 120 కిలోమీటర్ల దూరం నుండి పారిస్ నగరంపై కాల్చిన ఫిరంగిని చూడాలి. ప్రతి గుండుకూ దాని గొట్టం కంటికి తెలిసేటంత అరిగేది. అందుచేత గుండ్లకు వరుస సంఖ్యలు వేసి, ఒకదానికంటె ఒకటి కొంచెం లావుగా చేశారు. అరవై చిల్లర గుండ్లకు గొట్టం పని సరి; మళ్లీ తొలిచి పెద్దది చేయవలసిందే.

కాల్చకుండానే గొట్టాన్ని చంపే మార్గాలు రెండున్నాయి. పూర్వపు తూటాల టోపీలలో పొటాసియం క్లోరేటు ఉండేది. అది పేలినప్పుడు మిగిలేది పొటాసియం క్లోరైడు, అనగా వంటింటి ఉప్పుకు తోబుట్టువు. వానాకాలంలో ఉప్పుజాడీ చెమర్చినట్లే గొట్టం లోపల చెమర్చి తుప్పు పట్టేది. నూనెలో ఉప్పు కరగదు గనుక ఎంత నూనె పూసినా ప్రయోజనం లేదు. అందుకే సిపాయిలు గరాటుతో మరిగే నీళ్లు పోసి కడిగి, ఆరిన తరువాతనే నూనె పూసేవారు. రెండవది కడ్డీ. శుభ్రం చేసే ఇనుప కడ్డీని మూతి వైపు నుండి దోపి ఇటూ అటూ ఆడిస్తే మూతి అంచు ఒక పక్క అరుగుతుంది. అప్పుడు వెలువడే వాయువు గుండును ఒక పక్కకు నెడుతుంది.

మరి మార్చవలసినది ఎప్పుడు? లోపల తళతళలాడుతున్నదా లేదా అనేది నమ్మరాదు. మసకగా కనిపించే గొట్టం చక్కగా కాల్చవచ్చు, అద్దంలా మెరిసేది గురి తప్పవచ్చు. ఆయుధాలు బాగుచేసే పనివారు కొలత కడ్డీని తూటా గది వైపు నుండి దించి, అది హద్దుగీత దాటి ముందుకు పోతున్నదేమో చూస్తారు. దాటితే కంఠం అరిగినట్లే. గురి పలక ఇంకొక సాక్షి. రైఫిలును ఇసుక బస్తాలపై ఆనించి మంచి గురికాడు కాల్చినప్పుడు, ఒకప్పుడు అరచేతిలో ఇమిడిన రంధ్రాలు ఇప్పుడు చేటంత వెడల్పున చెదిరితే అనుమానించాలి. పలకమీద గుండ్రని రంధ్రానికి బదులు తాళపుచెవి దూర్చే కన్నంలా పొడుగాటి రంధ్రం పడితే ఇక అనుమానం అక్కరలేదు. త్రీనాట్‌త్రీ గుండు సెకండుకు 2,900 చుట్లు తిరుగుతూ పోవాలి. గాడులు దానిని తిప్పలేక, అది గాలిలో పల్టీలు కొట్టిందన్నమాట. ఇట్టి రైఫిలును చేతికిచ్చి కాపలాకు పంపడం సిపాయికే కాదు, ఆ దారిన పోయేవారికీ ప్రమాదం. గురి తప్పిన గుండు ఎక్కడో ఒకచోట తగలకమానదు. గొట్టం ఖరీదు చూసి వెనుకాడేవారు ఈ సంగతి కూడా లెక్కలో వేసుకోవాలి.

కంఠం పోయిన గొట్టానికి మందు లేదు, మార్చవలసిందే. మార్చిన తరువాత తూటా గది సరిగా అమరినదో లేదో కొలిచి, గురిని మళ్లీ మొదటినుండి సరిచూసుకోవాలి. మూతి అంచు మాత్రమే చెడితే అంత నష్టం లేదు. ఆ విద్యార్థి చేతిలోని 22 రైఫిలులో తరచు చెడేది అదే. మూతి దగ్గర కాస్త కోసి, లేతు మీద కొత్త అంచు తీస్తే చాలు, గొట్టం మళ్లీ సూటిగా కాలుస్తుంది.