గొడుగు మీద ఆకాశం: అచ్చుకు ముందు తేల్చాల్సిన లెక్కలు

గొడుగు తెరిచి లోపలి నుంచి చూస్తే చిన్న ఆకాశమే కనిపిస్తుంది. పైన గుమ్మటం, నడుమ ఒక ఇరుసు. గొడుగు కొనను ధ్రువ నక్షత్రం వైపు పెట్టి కర్రను మెల్లగా తిప్పితే, ఉత్తరాకాశంలో చుక్కలు ధ్రువం చుట్టూ ఎలా తిరుగుతాయో పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. ఖగోళశాస్త్రాన్ని బోధించేవారు ముదురు రంగు గొడుగు లోపల తెల్ల చుక్కలు పెట్టి ఈ పాఠం చెప్పడం చాలాకాలంగా ఉన్నదే.

ఒక్క గొడుగైతే చేత్తో చుక్కలు పెట్టుకోవచ్చు. ఒక జిల్లాలోని బడులన్నిటికీ రెండు వందలు అచ్చు వేయించాలంటే మాత్రం ప్రెస్సుకు కంప్యూటర్ ఫైలు ఇవ్వాలి. అందులో ఒక్క తప్పు దొర్లినా అది రెండు వందల గొడుగుల మీదా పడుతుంది. గుడ్డకు పట్టిన రంగును వెనక్కి తీయలేం. అంతకన్నా పెద్ద నష్టం, ఆ బడుల్లో పిల్లలు తలకిందుల ఆకాశాన్ని నేర్చుకుంటారు. అందుకే గొడుగు ఫైలు తయారీని బొమ్మ పనిగా కాక పటం గీసే పనిగా చూడాలి.

గుండ్రని బొమ్మ ఎందుకు పనికిరాదు?

చాలామంది చేసే మొదటి పొరపాటు, వలయాకారంలో ఉన్న నక్షత్ర పటాన్ని యథాతథంగా పంపడం. గొడుగు గుడ్డను ఒకే ముక్కగా కత్తిరించరు. ఎనిమిది ఊచల గొడుగుకు ఎనిమిది ముక్కలు విడివిడిగా అచ్చు వేసి, కత్తిరించి, ఆ తర్వాత కుడతారు. కాబట్టి ఫైలులోనూ ఎనిమిది ముక్కలు ఉండాలి.

ఆ ముక్క మామూలు త్రిభుజం కాదు. ఊచ పొడవు 60 సెంటీమీటర్లు, తెరిచినప్పుడు అడ్డకొలత 104 సెంటీమీటర్లు ఉన్న గొడుగునే తీసుకుందాం. కొన దగ్గర 45 డిగ్రీల కోణంతో ఎనిమిది తిన్నని త్రిభుజాలు కోస్తే ఒక్కోదాని అడుగు 46 సెంటీమీటర్లు వస్తుంది. వాటిని కలిపి కుడితే పళ్లెంలా చదునుగా పరుచుకుంటాయి తప్ప గుమ్మటం రాదు. గుమ్మటం రావాలంటే అడుగు దాదాపు 40 సెంటీమీటర్లకు తగ్గాలి. అయితే కొన నుంచి 30 సెంటీమీటర్ల దగ్గర, అంటే సరిగ్గా సగంలో, వెడల్పు 20 కాకుండా 22 సెంటీమీటర్లు ఉండాలి. అందుకే ముక్క పక్క అంచులు బయటికి కొద్దిగా ఉబ్బి ఉంటాయి.

వంపు తిరిగిన గోళతలాన్ని కొలతలేవీ చెడకుండా చదును చేయడం అసాధ్యమని జర్మన్ గణిత శాస్త్రవేత్త గౌస్ 1827లో నిరూపించాడు. అంతకు మూడు శతాబ్దాల ముందే, 1507లో, వాల్డ్‌జేముల్లర్ భూగోళాన్ని 12 సన్నని ముక్కలుగా కాగితంపై అచ్చు వేశాడు. కత్తిరించి బంతికి అతికిస్తే గ్లోబు తయారవుతుంది. నక్షత్రాల గొడుగుకూ అదే పద్ధతి. ఈ ముక్కల కొలతలు ప్రతి గొడుగుకూ మారతాయి కాబట్టి తయారీదారు దగ్గర నుంచి అసలు ముక్క నమూనా తెప్పించుకున్నాకే పని మొదలుపెట్టాలి.

కుట్టు ఎక్కడ పడాలి?

పైన చెప్పిన గొడుగు ధ్రువం నుంచి సుమారు 52 డిగ్రీల మేర ఆకాశాన్ని చూపగలదు. ఊచ వెంట ఒక డిగ్రీకి 1.15 సెంటీమీటర్లు. ధ్రువానికి 28 నుంచి 41 డిగ్రీల దూరంలో ఉన్న సప్తర్షులు కొన నుంచి 32, 47 సెంటీమీటర్ల మధ్య హాయిగా ఇముడుతారు.

చిక్కంతా అడ్డంగా వస్తుంది. ధ్రువం చుట్టూ ఉన్న ఆకాశాన్ని ఖగోళ శాస్త్రజ్ఞులు 24 గంటలుగా విభజిస్తారు. ఎనిమిది ముక్కలైతే ఒక్కోదానికి 3 గంటలు. సప్తర్షి మండలం 11 గంటల 2 నిమిషాల నుంచి 13 గంటల 48 నిమిషాల వరకు, అంటే 2 గంటల 46 నిమిషాల మేర పరుచుకుని ఉంది. కుట్లను 0, 3, 6, 9, 12 గంటల దగ్గర పెడితే 12 గంటల కుట్టు సప్తర్షుల చతురస్రాన్ని రెండుగా చీలుస్తుంది. కుట్టులో రెండు మిల్లీమీటర్లు జరిగినా ఆకారం చెడుతుంది. మొత్తం పటాన్ని తిప్పి ఒక కుట్టును 10 గంటల 55 నిమిషాల దగ్గరకు తెస్తే ఏడుగురూ ఒకే ముక్కలోకి వస్తారు. కుట్టుకు ఒక సెంటీమీటరుకు పైగా ఎడం కూడా మిగులుతుంది.

కానీ అప్పుడు అవతలి వైపు 1 గంట 55 నిమిషాల దగ్గర మరో కుట్టు వస్తుంది. శర్మిష్ఠ మండలంలోని అయిదో చుక్క సరిగ్గా అక్కడే ఉంది. కుట్లను 10 గంటల 58 నిమిషాలకు జరిపితే రెండు మండలాలూ ముక్కలు కాకుండా మిగులుతాయి గానీ, చివరి చుక్కలకూ కుట్టుకూ మధ్య ఎడం అర సెంటీమీటరుకు పడిపోతుంది. దర్జీ చేతివాటం ఎంత కచ్చితమో తెలుసుకున్నాకే ఈ నిర్ణయం తీసుకోవాలి. పది ఊచల గొడుగైతే ముక్కకు 2 గంటల 24 నిమిషాలే. సప్తర్షులు ఒక ముక్కలో పట్టే ప్రసక్తే లేదు.

ధ్రువ నక్షత్రాన్ని మాత్రం అచ్చు వేయనక్కర్లేదు. దాని స్థానం నడి కొనకు ముప్పావు సెంటీమీటరు లోపే వస్తుంది. అక్కడ గుడ్డకు రంధ్రం, దానిపై టోపీ ఉంటాయి. కర్ర కొననే ధ్రువ నక్షత్రం అనుకోవాలి.

అరుంధతి ఎక్కడ?

చుక్కల కాంతిలో తేడాను వాటి సైజుతో చూపాలి. సప్తర్షుల్లో క్రతువు కన్నా అత్రి కాంతి సుమారు నాలుగో వంతు. చుక్క వైశాల్యం కాంతికి తగ్గట్టు ఉండాలంటే క్రతువు 8 మిల్లీమీటర్లు, అత్రి 4 మిల్లీమీటర్ల అడ్డకొలతతో రావాలి. ఇదే లెక్కన వసిష్ఠుడి చుక్క ఆరున్నర మిల్లీమీటర్లు.

పెళ్లిలో పురోహితుడు చూపించే అరుంధతి, వసిష్ఠుడికి 0.2 డిగ్రీల దూరంలోనే ఉంది. గొడుగు మీద అది రెండు మిల్లీమీటర్ల పైచిలుకు. అంటే అరుంధతి పూర్తిగా వసిష్ఠుడి చుక్కలో కలిసిపోతుంది. ఆమె కనిపించాలంటే ఇద్దరి మధ్య దూరాన్ని కావాలనే పెంచాలి, లేదా చుక్కలన్నిటినీ చిన్నవి చేయాలి. మరీ చిన్నవి చేస్తే మసక చుక్కలు స్క్రీన్ జల్లెడ కన్నాల్లోంచి సరిగా దిగవు. సన్నని గీతలదీ అదే పరిస్థితి. పెంచడమే నయం, ఆ సంగతి గొడుగుతో ఇచ్చే కరపత్రంలో రాస్తే సరిపోతుంది.

రెండుసార్లు తిరగబడే బొమ్మ

ఆకాశాన్ని మనం లోపలి నుంచి చూస్తాం. గొడుగు అచ్చు మామూలుగా బయటి వైపు పడుతుంది. పటాన్ని అలాగే బయట వేసి లోపలి నుంచి చూస్తే సప్తర్షుల తోక అటుది ఇటవుతుంది. కాబట్టి గుడ్డ లోపలి వైపున అచ్చు వేయమని ఫైలులోనే స్పష్టంగా రాయాలి.

అచ్చు పద్ధతిని బట్టి మరో మెలిక ఉంది. ముదురు నీలం గుడ్డ మీద తెల్ల సిరాతో స్క్రీన్ ప్రింటింగ్ చేస్తే రంగు ఒకటే, కానీ ఏ ముక్క బొమ్మ దానిదే కాబట్టి ఎనిమిది తెరలు కావాలి. సబ్లిమేషన్ పద్ధతిలో అయితే కాగితంపై ముద్రించిన రంగు దాదాపు 200 డిగ్రీల సెల్సియస్ వేడికి ఆవిరై పాలిస్టర్ దారంలోకి ఇంకుతుంది. ఇందులో తెల్ల సిరా ఉండదు. తెల్ల గుడ్డ మీద నీలం నింపి, చుక్కల చోటును ఖాళీగా వదలాలి. నీలాన్ని కత్తిరింపు గీత దాటి ఒక సెంటీమీటరు అదనంగా పరచకపోతే కుట్టు పక్కన తెల్ల చార బయటపడుతుంది. కాగితం మీది బొమ్మ గుడ్డకు దిగేటప్పుడు అద్దంలోలా తిరగబడుతుంది. చాలా ప్రెస్సుల్లో సాఫ్ట్‌వేరే దాన్ని ముందుగా తిప్పేస్తుంది. ఫైలు చేసినవారూ తిప్పితే రెండు తిప్పుళ్లూ కలిసి పని చెడుతుంది. ఎవరు తిప్పాలో ముందే మాట్లాడుకోవాలి.

తెలుగు పేర్ల విషయంలో మరో జాగ్రత్త అవసరం. పాత తరహా తెలుగు ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలను పెట్టుకుంటాయి. ఆ ఫాంటు ప్రెస్సు కంప్యూటర్లో లేకపోతే ‘వసిష్ఠుడు’ బదులు అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు వస్తాయి. యూనికోడ్ ఫాంటు వాడినా కొన్ని సాఫ్ట్‌వేర్లు ఒత్తులను విడగొడతాయి. అక్షరాలను ముందే గీతలుగా మార్చేస్తే ఈ బాధ ఉండదు. డీటీపీ కేంద్రాల్లో దీన్నే కర్వ్స్ చేయడం అంటారు. చుక్కలను కూడా ఫొటోగా కాక ఇలాగే గీతల రూపంలో ఇస్తే ఎంత పెంచినా అంచులు చెదరవు.

చివరి పరీక్ష

ఫైలులో ఒక మూల సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీసి ఉంచాలి. అచ్చులో దాన్ని స్కేలుతో కొలిస్తే, ప్రెస్సులో బొమ్మ సైజు మారిందో లేదో తెలిసిపోతుంది. తర్వాత ఎనిమిది ముక్కలనూ అసలు కొలతలో కాగితంపై తీసి, కత్తిరించి, అంచులు అతికించి గుమ్మటం చేయాలి. దీనికయ్యే ఖర్చు పాడైన ఒక తెర ఖర్చుతో పోలిస్తే లెక్కలోది కాదు.

ఆ కాగితపు గుమ్మటాన్ని మే నెలలో రాత్రి 9 గంటలకు ఆరుబయటికి తీసుకెళ్లాలి. కొన ఉత్తరానికి తిరిగి, హైదరాబాద్‌లో అయితే నేలకు 17 డిగ్రీలు, ఢిల్లీలో అయితే 29 డిగ్రీల ఎత్తులో ఉండాలి. ఆ వేళకు సప్తర్షులు ధ్రువానికి పైన ఉంటారు. చతురస్రం ఎడమ వైపు, తోక కుడి వైపు కనిపిస్తాయి. గుమ్మటంలోనూ అలాగే ఉండి, అపసవ్య దిశలో తిప్పినప్పుడు రెండూ ఒకే తీరున కదిలితే ఫైలు సరిగా ఉన్నట్టే. అప్పుడు ప్రెస్సుకు ఇస్తే జూన్‌లో బడులు తెరిచేసరికి, వానలతో పాటే గొడుగులూ చేరతాయి.