స్నానపు గదిలో టైళ్లు పరచుట



మన పల్లెలలో పెరటిలో నొక కడప బండయో తాండూరు బండయో వైచి, స్నానపు నీరు అరటి మొదళ్లకు పోవునట్లు చేయుట పూర్వపు వాడుక. ఆ బండ గరుకుగా నుండుటచే కాలు నిలుచుచుండెను. ఇప్పుడు స్నానపు గది యింటిలోనికి వచ్చినది. దానితోడ నద్దమువలె మెరయు టైళ్లును వచ్చినవి. వానిలో పెక్కు గుజరాతులోని మోర్బీ పట్టణమున కాల్చినవి. చూపున కింపైనవే. కాని సబ్బునీరు పడిన పిమ్మట వానిపై మనవంటి వయసువారు జారిపడినచో తుంటియెముక విరుగును. ఆ వయసున విరిగిన తుంటి మనుష్యుని మంచము పట్టించును. కావున నేను రంగుల మాట యెత్తను. జారని నేల, నీరు నిలువని నేల యెట్లు కుదురునో మాత్రమే మనవి చేసెదను.

నేలకు మెరుపు లేని గరుకు ముఖపు టైలునే కొనవలయును. గోడకు వేయు నునుపు టైలు మిగిలినదని నేలకు వేయింపరాదు. అంగడివాని నడిగి యొక టైలుపై నీరు చల్లించి, చెప్పులు విడిచి నిలిచి చూడుడు. అతడు నవ్వినను సరియే. రెండడుగుల టైళ్లు నేడు వేడుకయైనవి గాని, ఇచ్చట అడుగు చదరపువే మేలు. నేల తూమువైపునకు వాలవలయును గదా. పెద్ద టైలు వంగదు, చిన్నవి వాలు ననుసరించును. సందులు హెచ్చుగా నుండుటచే పాదమునకు పట్టును దొరకును.

పనియంతయు వాటములోనే యున్నది. గజము దూరమునకు అర అంగుళమైనను నేల తూమువైపు దిగవలయును. "నీళ్లు అవే పోతాయి లెండి" అని మేస్త్రీ యనును. నీరు మెట్టకు పాఱదు. నిలిచిన చోట పాచి పట్టును, పాచిపై కాలు జారును. కనుక టైళ్లు రాకమునుపే తూము మూసి, గచ్చుపై నీరు నింపి ఒక దినముంచి, గోడలకు చెమ్మ దిగునేమో చూడవలయును. పిదప తూము తెఱచినచో నీరు మడుగుకట్టిన పల్లములు తామే కానవచ్చును. వానిని అప్పుడే సరిచేయింపుడు. టైలు పరచిన పిమ్మట దిద్దుట పగులగొట్టుటయే.

ఒకపాలు సిమెంటునకు నాలుగుపాళ్లు ఇసుక కలిపిన మాలు ముప్పాతిక అంగుళము మందమున పరచుట వాడుక. సామాన్యమైన సిరామిక్ టైలును ముందు నీట నానవేయవలయును. లేనిచో అది మాలులోని తడిని పీల్చి పట్టును చెఱచును. విట్రిఫైడ్ అనబడునవి నూటికి అరపాలు మించి నీరు పీల్చవు. వానిని నానవేయుట వృథా. ఉట్టి సిమెంటు వాని నంటిపట్టుకొనదు గనుక, సంచులలో నమ్ము టైళ్ల గమ్మును వాడవలయును. కొందరు నడుమ నొక ముద్ద వైచి, నాలుగు మూలలు గాలికి వదలుదురు. బిందె పడిననాడు ఆ మూల పగులును. ప్రతి టైలును తాపీ పిడితో తట్టి చూడుడు. గుల్లమ్రోత వచ్చినదానిని పచ్చిగా నున్నప్పుడే తీయించి మరల వేయింపుడు.

టైలునకు టైలునకు నడుమ రూపాయి బిళ్ల నిలువుగా దూరునంత సందుంచి, మఱునాడు ఆ సందులలో గ్రౌటు నింపింపవలయును. పైన మిగిలినదానిని అప్పుడే తడిగుడ్డతో తుడిపింపుడు. అది యెండిన పిదప మరకలు పోవుటకై యాసిడు పోయుదురు; ఆ యాసిడు సందులలోని సిమెంటును తినివేయును.