గేదె దూడ ప్రేగు – ఏలిక పాముతో దాని పోరు

ఏలూరు, తాడేపల్లిగూడెం పరిసరములందును, కొల్లేటి లంకలలోను ఎన్నో కుటుంబములకు గేదె పాడి ఆదరువు. పుట్టిన మొదటి మూడు నెలలలో దూడ చనిపోయిన యెడల రేపటి పాడి పోవుటయే కాక, తల్లి సరిగా చేపక నేటి పాలును తగ్గును. లేత దూడలకు ఇట్టి నష్టము తెచ్చువానిలో ఏలిక పాముల బెడద ముఖ్యమైనది.

ఈ పాము దూడకు ముఖ్యముగా తల్లి పాల ద్వారానే వచ్చును. తల్లి శరీరములో అణగియున్న పిల్లపురుగులు ఈనిన తరువాత పాలలోనికి దిగి, మొదటి వారము పది రోజులలో దూడ కడుపు చేరును. సుమారు మూడు వారములకే ఎదిగి గ్రుడ్లు పెట్టనారంభించును. జానెడుకు మించి పెరుగు ఈ పాములు చిన్న ప్రేగులో ఉండలు చుట్టుకొని, దూడకు దక్కవలసిన ఆహారమును హరించును. దూడ తెల్లని మట్టిరంగున పారుకొనును. బొజ్జ పెరిగి, వెంట్రుకలు బిరుసెక్కి, నీరసించును.

అయితే ప్రేగు ఊరకుండదు. దాని లోపలి పొర ఒకే వరుస కణములతో ఏర్పడి, పైన జిగురు పూత కలిగియున్నది. ఈ కణములు మూడు నుండి ఐదు దినములలో రాలిపోయి క్రొత్తవి పుట్టుచుండును. వాని నడుమ అక్కడక్కడ ‘కుచ్చు కణములు’ కావలివాండ్రవలె నుండును. 2016లో ఎలుకలపై జరిపిన పరిశోధనలలో వీని పని తేటపడినది. పురుగు జాడ తగులగనే ఇవి రసాయన సంకేతమును పంపును. అంతట జిగురు దట్టమగును, ప్రేగులోనికి నీరూరును, కండరములు గట్టిగా ముడుచుకొనును, పురుగు పట్టు జారి పేడతో కొట్టుకొనిపోవును. పశువుల జీర్ణమార్గములోను ఈ కణములు కలవు.

లేత దూడలో ఈ రక్షణ ఇంకను పండి యుండదు. వయస్సుతోబాటు అది బలపడి, సాధారణముగా ఐదు నెలల లోపున ప్రేగే పాములను వెళ్ళగొట్టును. దీనిని చూచి “మందెందుకు, వాటంతటవే పడిపోవును” అనుట పొరపాటు. ఆ బలము వచ్చువరకు దూడ బ్రతికి యుండవలెను గదా!

కనుక రైతులు ఈ క్రింది పనులు చేయవలెను:

1. పురుగు భయముతో జున్నుపాలు మానిపింపరాదు. దూడకు తొలి రక్షక పదార్థములు అందు మార్గమదియే. పుట్టిన గంట, రెండు గంటలలో త్రాగించవలెను.

2. దూడ పుట్టిన 10వ రోజు నుండి 16వ రోజు లోపల, పశువైద్యుడు చెప్పిన మోతాదున పైపరజీన్ వంటి మందు త్రాగించవలెను. అంతకు ముందైన పిల్లపురుగులు ఇంకను వచ్చుచుండును. ఆలస్యమైన అవి గ్రుడ్లు పెట్టును.

3. తల్లికి మామూలు మందు పట్టించినంత మాత్రమున చాలదు. అణగియున్న పురుగులు దానికి లొంగవు.

4. కడుపునిండ పాలు విడువవలెను. జిగురును, క్రొత్త కణములను ప్రేగు తయారుచేసికొనుట మాంసకృత్తుల నుండియే.

5. తమ్మిలేరు, బుడమేరు నీరు చేరు కొల్లేటి చెమ్మ నేలలలో పురుగు గ్రుడ్లు నెలల తరబడి బ్రతుకును. దూడ పేడను దినదినము ఎత్తి పెంటదిబ్బలో లోపలికి కప్పవలెను. దిబ్బ వేడికి గ్రుడ్లు చచ్చును.

దూడ పుట్టిన తేదీని పాక గోడపై వ్రాసియుంచుడు. సచివాలయములోని పశుసంవర్ధక సహాయకునికి ఆ తేదీ తెలుపుడు. 10వ రోజు నుండి 16వ రోజు లోపల మందు అందిన యెడల మిగిలిన పని ప్రేగు తానే చేసికొనును.