సూక్తి - సందర్భము

సత్యమును గూర్చి ప్రసంగింపవలసి వచ్చినపుడెల్ల నన్నయ ఆదిపర్వమునందలి శకుంతల పద్యము మన తరగతులలో వినబడుచుండును. నూరు నూతులకంటె ఒక దిగుడుబావి, అట్టి నూరు బావులకంటె ఒక క్రతువు, నూరు క్రతువులకంటె ఒక పుత్రుడు, నూర్గురు పుత్రులకంటె ఒక సత్యవాక్యము మేలని దాని సారము. ఇట్లు కావ్యమునుండి విడివడి లోకమున నిలిచిన మాటను సూక్తి యందుము. విడివడుటచే మాటకు వ్యాప్తి కలుగును. కాని అర్థమునకు కొంత హానియు కలుగుచున్నది. ఆ హాని యెట్టిదో రెండు ఉదాహరణములతో పరిశీలింతము.

శకుంతల ఈ మాట పలికినది దుష్యంతుని సభలో. కుమారునితో వచ్చిన యామెను రాజు ఎరుగననుచున్నాడు. కాళిదాసు నాటకమున దుర్వాసశాపముచే రాజునకు మరపు కలిగినది గావున అతని మాట అసత్యము కాదు. భారతకథలో ఆ శాపము లేదు. రాజు ఎరిగియే ఎరుగననును. లోకాపవాదమునకు వెరచి యట్లంటినని ఆకాశవాణి పలికిన పిమ్మట ఒప్పుకొనును. కావున శకుంతల మాటలాడుట తెలియనివానికి తెలుపుటకు కాదు, తెలిసియు దాచువానిచే పలికించుటకు. ఆమె కోరిన సత్యము తత్త్వవిచారము కాదు. ఏకాంతమున ఇచ్చిన మాటను పదుగురిలో అంగీకరించుట.

ఈ దృష్టితో చూచినచో పద్యమున రెండు విశేషములు గోచరించును. మొదటిది సంబోధనము. బొంకుచున్న రాజును ఆమె సత్యవ్రతునిగా సంబోధించినది. విడిగా చదివినపుడు అది పాదపూరణముగా తోచును. సభలో నది ఎత్తిపొడుపు, అర్థింపు కూడ. రెండవది తారతమ్యక్రమము. ముత్యాలహారమును, కర్పూరమును, చందనమును, వెన్నెలయు పుత్రుని కౌగిలివలె చల్లనివి కావని ఆ ప్రసంగముననే చెప్పిన తల్లి, పుత్రశతముకంటెను సత్యమునకే పెద్దపీట వేయుచున్నది. వాత్సల్యమునకు కరగని రాజు ధర్మమునకైన కదలునేమో యని ఆమె ఆశ.

వక్తను గుర్తింపవలసిన అవసరము పత్రికారచనకును కలదు. 1711లో లండనున వెలువడిన స్పెక్టేటరు ఒరవడిలో పానుగంటి లక్ష్మీనరసింహారావుగారు సాక్షి వ్యాసములు రచించిరి. అవి 1913లో సువర్ణలేఖలో మొదలై, పిమ్మట ఆంధ్రపత్రికలో కొనసాగినవి. వానిలో పెక్కింట మాటలాడువాడు సాక్షిసంఘమను కల్పితసంఘమునకు చెందిన జంఘాలశాస్త్రి. మనుష్యస్వభావముపై అతడు చేయు అధిక్షేపము సభికులను నవ్వించి ఆలోచింపజేయు అతిశయోక్తి. అందలి వాక్యము నొకదానిని ఊడదీసి, ఇది పానుగంటివారి సిద్ధాంతమని వ్రాసినచో హాస్యము నశించి, కఠినమైన తీర్పు మాత్రమే మిగులును.

వేమన పద్యములవంటి ముక్తకములకు కథాసందర్భము వెదకుట వ్యర్థము, అవి స్వయంసంపూర్ణములు. కథనుండియో వ్యాసమునుండియో గ్రహించిన సూక్తుల విషయమున మాత్రము వక్త, శ్రోత, సందర్భము అను మూడింటిని పరిశోధకుడు తప్పక నమోదు చేయవలెనని మా యభిప్రాయము. శకుంతల పద్యమును బోధించునపుడు ఆమె ప్రక్కన నిలిచియున్న బాలుని సంగతియు, అతని హక్కు ఆ రాజు మాటపై ఆధారపడియున్న సంగతియు విద్యార్థులకు తెలుపవలెను. అపుడు గాని ఆ పద్యమునందలి సత్యశబ్దమునకు గల బరువు వారికి బోధపడదు.